సెప్టిక్ అను మాట: పుట్టుపూర్వోత్తరములు, చుట్టపక్కములు

మన యిండ్లలోనికి వచ్చి చేరిన యాంగ్లపదములు రెండు తెగలు. రైలు, టిక్కెట్టు, స్టేషను మొదలగునవి తమ తమ వస్తువులతో గూడ వచ్చినవి. ఆ వస్తువులు మనకు పూర్వము లేవు గనుక వాని పేరులును క్రొత్తవే యయ్యెను. మఱికొన్ని మాటలు మనము తరతరములుగా నెఱిగిన విషయములకే క్రొత్త పేరులై వచ్చినవి. అట్టివానిలో "సెప్టిక్" ఒకటి. పిల్లవాని కాలికి ముల్లు గ్రుచ్చుకొని చీము పట్టినచో "సెప్టిక్ అయినది" అందుము. పెరటిలో మరుగుదొడ్డికై కట్టిన తొట్టి "సెప్టిక్ ట్యాంకు". గాయమును గడుగు మందు "యాంటిసెప్టిక్". చదువురాని ముసలమ్మలు సయితము ఈ మూడు మాటలను తడబడక పలుకుచున్నారు. అయితే ఆసుపత్రిలో వైద్యుడు "సెప్సిస్" అని చెప్పినప్పుడు మాత్రము మన మొకరి మొగ మొకరము చూచుకొందుము. ఈ నాలుగు మాటలును ఒక తల్లి బిడ్డలే. మూడింటితో చుట్టఱికము నెఱపి నాల్గవదానిని గుర్తింపలేకపోవుట వట్టి భాషాలోపము గాదు; ఒక్కొక్కప్పుడు ప్రాణము మీదికి వచ్చు విషయము. అందుచేత ఈ కుటుంబపు వృత్తాంతమును సోదరీమణులకు నివేదింప దలచితిని.

మూలము

ఈ మాటలకు మాతృభాష గ్రీకు. ఆ భాషలో "సేపేయిన్" అను క్రియకు కుళ్ళజేయుట యని యర్థము. దానినుండి పుట్టిన నామము "సేప్సిస్", అనగా కుళ్ళుట, మురుగుట. ఈ క్రియ గ్రీకు వాఙ్మయమున మిక్కిలి ప్రాచీనమైన ఇలియడ్ కావ్యమునందే కానవచ్చుచున్నది. హోమరు మహాకవి దానిని వాడిన సందర్భములు చూడదగినవి. ట్రాయి నగరమును ముట్టడించి తొమ్మిదేండ్లు గడచినను జయము గానని సేనానాయకుడు ఆగమెమ్నోను, తమ యోడల కొయ్యలు కుళ్ళిపోయినవని యొకచో జెప్పును. మఱియొకచో అకిలీసు, యుద్ధమున బడిన తన ప్రాణమిత్రుడు పట్రోక్లసు గాయములపై నీగలు వ్రాలి, పురుగులు పుట్టి, దేహము కుళ్ళిపోవునేమో యని తల్లితో మొఱపెట్టుకొనును. దేవతాస్త్రీ యగు నా తల్లి యమృతము పోసి యా దేహమును గాపాడును. ఇంకొకచో, కొడుకు శవమును విడిపించుకొన బోవుచున్న ముసలిరాజు ప్రియాముతో హెర్మీసు దేవుడు, పండ్రెండవనాడైనను హెక్టరు దేహము కుళ్ళలేదని చెప్పి యూఱడించును. చెడునది యోడ కొయ్య కానిండు, కన్నకొడుకు మేను కానిండు, గ్రీకుల కందులకు మాట యొక్కటియే.

పాకము, కుళ్ళు

పిమ్మట గ్రీకు వైద్యులు ఈ "సేప్సిస్" అను మాటకు ఎదురుగా "పెప్సిస్" అను మాటను నిలిపిరి. పెప్సిస్ అనగా పాకము. బియ్యము ఉడికి యన్నమగుట, కాయ పండగుట, తిన్న యన్నము జీర్ణమగుట, ఇవన్నియు వారి దృష్టిలో పెప్సిసే. వేడి తగినరీతిని పనిచేసినచో పాకము. క్రమము దప్పినచో కుళ్ళు. వంట చేయు స్త్రీలకు ఈ భేదము నెవరును నేర్పనక్కఱలేదు. గంజి వార్చిన యన్నమునకును, నిన్నటి మూతపెట్టిన యన్నము నేడు వాసన కొట్టుటకును గల భేదమే యిది.

ఇక్కడ మనకొక చుట్టఱికము బయలుపడుచున్నది. పెప్సిస్ అను మాటకు మూలమైన ధాతువును, సంస్కృతమున "పచ్" అను ధాతువును ఒక్కటియే యని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. పచనము, పాకము, పక్వము అను మన మాటలును, అజీర్ణమునకు వైద్యులు చెప్పు "డిస్పెప్సియా"యు, లాటిను భాష ద్వారమున ఇంగ్లీషునకు వచ్చిన "కుక్", "కిచెన్" అను మాటలును ఏకోదరములు. వంటయింటి పేరునకును, కడుపునొప్పి పేరునకును ఇంత దగ్గఱ బంధుత్వ మున్నదని తెలిసినచో వంటపై నలుగు మగవారు నవ్వుకొందురు గాబోలు!

మన సుశ్రుతాచార్యుడును వ్రణమును ఈ దృష్టితోడనే చూచెను. వాపునకు ఆమము, పచ్యమానము, పక్వము అని మూడవస్థలు చెప్పి, పక్వము గానిదానిని కోసినను, పక్వమైనదానిని కోయక విడిచినను తప్పే యనెను. మన యింటి పెద్దలు నేటికిని "గడ్డ పండినది" అందురు గదా! పండు మాట గడ్డకు జెల్లుట వింతగా దోచును గాని, అది ప్రాచీనవైద్యుల భావమే జనుల నోట నిలిచినది.

చీము పేరు, అంటు పేరు

అచ్చతెనుగున చీము అనుదానిని సంస్కృతము "పూయము" అనును. ఇంగ్లీషు "పస్" అనును. ఈ రెండును యాదృచ్ఛికముగా నొక్క హల్లుతో మొదలైనవి కావు. ఒక్క ధాతువు సంతానమే. అమరకోశము చదివిన సోదరీమణులకు దుర్వాసనను జెప్పు "పూతిగంధి" యను మాట పరిచితమై యుండును. ఆ పూతియు, ఇంగ్లీషున "ప్యూట్రిడ్" అను మాటయు, పంటిచిగుళ్ళనుండి చీము గాఱు రోగమునకు మనము కూడ చెప్పుకొను "పయోరియా"యు ఆ కుటుంబమువే. కావున సెప్టిక్ అనునది మనకు దూరపు పరిచయమైనను, చీము పేరు మాత్రము స్వంత మేనమామ యింటిది.

రోగ మొకరినుండి యొకరికి సోకుటను మనము "అంటు" అందుము. అంటుట యనగా తాకుట. అంటువ్యాధికి ఇంగ్లీషులో గల "కంటేజన్" అను మాటకును లాటినులో తాకుట యనియే యర్థము. "ఇన్ఫెక్షన్" అను మాట మాత్రము వేఱు త్రోవను వచ్చినది. దానికి మూలార్థము రంగులో ముంచుట. బట్టకు రంగు పట్టినట్లు దేహమునకు దోషము పట్టెనని వారి యూహ. ఒక జాతి తాకిడిని చూచినది. ఒక జాతి రంగును చూచినది. గ్రీకులు కుళ్ళును చూచిరి.

చుట్టములు కానివి

పేరు కలసినంత మాత్రమున చుట్టఱికము కలియదు. సెప్టెంబరు నెలకును సెప్టిక్ అను మాటకును ఏ సంబంధమును లేదు. సెప్టెంబరు లాటినున ఏడు అను సంఖ్యకు పేరైన "సెప్టెం" నుండి పుట్టినది. పూర్వము రోమను సంవత్సరము మార్చితో మొదలగుచుండెను గనుక అది యేడవ నెల. ఆ సెప్టెం మన "సప్త"కు తోబుట్టువు. కాబట్టి సెప్టెంబరు సప్తర్షులకు చుట్టమే కాని పుండునకు చుట్టము గాదు. ముక్కు రంధ్రముల నడిమి గోడను వైద్యులు "సెప్టం" అందురు; అదియు వేఱే. కంచె యను నర్థము గల లాటిను మాటనుండి వచ్చినది.

నిజమైన చుట్టమొకటి మాత్రము వానకాలమున మన పెరటిలోనే కనబడును. గ్రీకున "సప్రోస్" అనగా కుళ్ళినది. కుళ్ళిన యాకులపైని కొయ్యలపైని బ్రతుకు పుట్టగొడుగుల వంటివానికి శాస్త్రజ్ఞులు ఆ మాటతో "సాప్రోఫైటు" అని పేరిడిరి.

విరుద్ధపదము పుట్టుట

కుళ్ళునకు ఎదురు నిలుచు పదార్థము "యాంటిసెప్టిక్". ఈ మాటను 18వ శతాబ్ది నడుమ ప్రచారమునకు దెచ్చినవాడు జాన్ ప్రింగిల్ అను స్కాట్లండు వైద్యుడు. ఆయన సేనల వైద్యుడై యుద్ధమున గాయపడినవారికంటె ఆసుపత్రులలో జ్వరములచే జచ్చువారినే యెక్కుడుగా జూచెను. ఉప్పు, కర్పూరము, సింకోనా పట్ట మొదలగు పదార్థములు మాంసమును కుళ్ళకుండ నెంతసేపు ఆపగలవో పరీక్షించి, సముద్రపు టుప్పు బలమును కొలతగా పెట్టుకొని తక్కినవాని బలము నిర్ణయించెను. ఈ పరిశోధనలకు రాయల్ సొసైటీ 1752లో కాప్లీ పతకము నిచ్చినది. ఊరగాయ జాడీకి ఉప్పెంత పట్టునో యెఱిగిన మన ముత్తవలు ఈ విద్యకు పేరు పెట్టలేదు గాని విద్య మాత్రము వారికి కరతలామలకము.

మాటకు ఎదురుమాట పుట్టినను స్త్రీల కష్టము తీఱలేదు. 1792లో స్త్రీల హక్కులను సమర్థించుచు గ్రంథము వ్రాసిన మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్, 1797 ఆగస్టు 30వ తేదీని ఆడుబిడ్డను గనెను. మావి పడకపోవుటచే వైద్యుడు చేయి పెట్టి ముక్కలు ముక్కలుగా దీసెను. కొలది దినములకు సూతికాజ్వరము వచ్చి, సెప్టెంబరు 10వ తేదీని ఆమె మరణించెను. అప్పటి కామె వయస్సు 38 ఏండ్లు. తల్లిపాల కెడమైన యా బిడ్డయే పెరిగి మేరీ షెల్లీ యను ప్రసిద్ధ రచయిత్రి యయ్యెను. చేతులు కడుగుకొని పురుటిగదిలో నడుగిడవలెనను నియమము ఆ నాటి వైద్యులకు లేదు.

ఆ నియమమును లెక్కలతో నిరూపించినవాడు ఇగ్నాజ్ సెమ్మెల్వైస్. ఈయన హంగేరీ దేశీయుడు. వియన్నా నగరపు పెద్దాసుపత్రిలో ప్రసూతిశాల యందు పనిచేసెను. అక్కడ ప్రసూతిశాలలు రెండు. మొదటిదానిలో వైద్యవిద్యార్థులు పురుళ్ళు పోయుచుండిరి; రెండవదానిలో మంత్రసానులు. 1846లో మొదటిదానిలో నూటికి 11గురకు పైగా బాలింతలు చనిపోగా, రెండవదానిలో 3గురకు లోపుగానే చనిపోయిరి. ఈ సంగతి యూరంతయు నెఱుగును. మొదటిదానిలో తమ్ము జేర్పవలదని నిండుచూలాండ్రు మోకరించి వేడుకొనుచుండిరట! కారణము మాత్రము ఎవరికిని దెలియలేదు. 1847లో సెమ్మెల్వైస్ మిత్రుడైన యొక వైద్యుడు, శవపరీక్షలో వ్రేలికి కత్తి గీచుకొని, బాలింతలు చనిపోవు లక్షణములతోడనే చనిపోయెను. అప్పుడు తెర తొలగినది. విద్యార్థులు శవములను కోసిన చేతులతోనే వచ్చి పురుళ్ళు పోయుచున్నారు; మంత్రసానులకు శవములతో పని లేదు. శవమునందలి కుళ్ళే చేతివెంట వచ్చి తల్లి దేహమున జేరుచున్నదని ఆయన గ్రహించెను. ఆ సంవత్సరము మే నెలనుండి, నేడు మనము బ్లీచింగు పొడి యనుదాని నీళ్ళతో ప్రతివారును చేతులు కడుగవలెనని శాసించెను. 1848లో మొదటి శాలలో మరణములు నూటికి ఒకటికి కొంచెము పైగా దిగినవి.

ఇంత జరిగినను పెద్దవైద్యులనేకులు ఆయన మాట నంగీకరింపలేదు. తమ చేతులే తల్లులను జంపుచున్నవనుట వారికి సహింపరాని మాట యయ్యెను. సెమ్మెల్వైస్ మనస్సు చెదరి, 1865 ఆగస్టు 13వ తేదీని ఒక పిచ్చివారి యాశ్రమమున గాయములు విషమించి మరణించెను. ఏ రోగమునుండి తల్లులను కాపాడ బూనెనో, ఆ జాతి రోగముననే పోయెను. దానికి సరిగా ముందునాడు, ఆగస్టు 12వ తేదీని, గ్లాస్గో నగరమున జోసెఫ్ లిస్టరు అను శస్త్రవైద్యుడు, బండిచక్రము క్రింద కాలు విఱిగిన 11 ఏండ్ల బాలుని గాయమునకు కార్బాలిక్ ఆమ్లముతో కట్టు కట్టెను. కార్లైల్ పట్టణమున మురుగునీటి దుర్గంధమును ఆ ద్రవము పోగొట్టినదని ఆయన వినియుండెను. మురుగును మాన్పునది పుండును మాన్పదా యని ఆయన తర్కము. ఆఱు వారములలో బాలుని కాలు మానినది. 1867లో ఆయన తన పద్ధతిని ప్రకటించెను. "యాంటిసెప్టిక్" అను మాట లోకమున మార్మ్రోగినది అప్పటినుండియే.

అనంతరము వైద్యులింకొక మెట్టు పైకెక్కిరి. కుళ్ళు పట్టిన పిమ్మట దానితో పోరాడుటకంటె, ముందే రానీయకుండుట మేలు గదా! పనిముట్లను ఆవిరిలో నుడికించుట, శుభ్రమైన వస్త్రములు ధరించుట మొదలగు నీ పద్ధతికి "ఎసెప్సిస్" అని పేరు. ఈ మాట తొలియక్షరము, అధర్మము, అసత్యము అనువానిలో మనము వాడు నిషేధార్థకమైన "అ"కారమునకు తోబుట్టువే.

అన్ని కుళ్ళులును శత్రువులు గావు. 1890ల నడుమ ఇంగ్లండులోని ఎక్సిటరు నగరపు సర్వేయరు డోనాల్డ్ కామెరాన్, మురుగును మూతవేసిన తొట్టిలో నిలువయుంచి, గాలి సోకని సూక్ష్మజీవులచేతనే దానిని కుళ్ళజేసి తేటపఱచు ఏర్పాటు చేసి, దానికి "సెప్టిక్ ట్యాంకు" అను పేరు పెట్టెను. ఈ తొట్టిలో కుళ్ళు మనకు పనికత్తె. దేహములో నదియే పగది.

నేటి యర్థము

ఇక నసలు విషయమునకు వచ్చెదను. నేటి వైద్యశాస్త్రమున సెప్సిస్ అనగా కుళ్ళు కాదు, చీము కాదు. ఎక్కడనో యొక చోట, ఊపిరితిత్తులలో గాని, మూత్రాశయమున గాని, గర్భాశయమున గాని, చర్మమున గాని సూక్ష్మజీవులు చేరగా, వానిపై పోరాడవలసిన దేహము తన పోరాటపు టదుపు దప్పి, తన యవయవములనే గాయపఱచుకొనుట సెప్సిస్. 2016లో వైద్యనిపుణులు దాని కిట్టి నిర్వచనమే చేసిరి. దొంగను తఱుమబోయి యింటికి నిప్పు పెట్టుకొన్నట్టి స్థితి యిది. 2017లో లోకమంతటను 4 కోట్ల 89 లక్షల మందికి ఇది కలిగెననియు, 1 కోటి 10 లక్షల మంది యిందువలన చనిపోయిరనియు పరిశోధకుల యంచనా. అందు 2 కోట్లకు పైగా అయిదేండ్ల లోపు పసివారే.

మాట పొరబాటు చేయు హాని యిక్కడనే యున్నది. మా పాఠశాలలో చదువు నొక బాలిక యవ్వకు ఒకమాఱు మూత్రమున మంటతో జ్వరము వచ్చి, మూడవనాటికి మాట తడబడినది. ఆసుపత్రిలో "సెప్సిస్" అన్నారట. ఇంటివారు "సెప్టిక్" అని విని, గాయ మెక్కడనో యని కాళ్ళు చేతులు వెదకి, ఏమియు గానక, గాయమే లేనప్పుడు భయమేమని యింటికి దీసికొనిపో జూచిరి. అక్కడి నర్సు ఓపికతో గూర్చుండి విడమఱచి చెప్పుటచే ఆగిరి, అవ్వ బ్రతికినది. సెప్టిక్ అనిన పుండు. సెప్సిస్ అనిన నిలువెల్ల దేహము. పైకి చిన్న గీతయైనను లేకుండ సెప్సిస్ రావచ్చును.

గుర్తులు తెలిసికొని యుంచుకొనుడు. జ్వరమో, ఏదో యొక సోకుడో యున్న మనిషికి ఊపిరి వేగమగుట, మాట తడబడుట, మగతగా నుండుట లేక ఉన్నది లేనిది పలుకుట, విపరీతమైన చలి వణకు, మూత్రము తగ్గిపోవుట, చర్మము పాలిపోయి మచ్చలు మచ్చలుగా గనబడుట, భరింపరాని నొప్పి లేక నీరసము: వీనిలో నేది కనబడినను తెల్లవాఱు వఱకు ఆగరాదు. ఒంటి వేడి హెచ్చుటయే కాదు, మామూలుకంటె తగ్గుటయు ప్రమాదసూచనయే. పసికందు పాలు త్రాగక, ఎప్పటివలె నేడ్వక, ఒడలు చల్లబడి, వడిగా నూపిరి తీయుచున్నచో వెంటనే యెత్తుకొని పోవలెను.

బాలింతల విషయమున మఱింత హెచ్చరిక యవసరము. పురుడు వచ్చిన ఆఱు వారముల లోపల జ్వరము, పొత్తికడుపున నొప్పి, దుర్వాసనతో గూడిన మైల కనబడినచో "పాలు చేపుటచే వచ్చిన జ్వరము" అని పెద్దలు త్రోసివేయుట వాడుక. పాలు చేపునపుడు కొంచెము ఒడలు వెచ్చబడుట గలదు. కాని యేది పాలజ్వరమో, యేది ప్రాణాంతకమో చేయి పెట్టి చూచి చెప్పగలవారు మనలో లేరు. అది వైద్యురాలు చూచి చెప్పవలసిన మాట. 1936లో లండను నగరమున లియొనార్డ్ కోల్‌బ్రూక్ సల్ఫా మందుతో సూతికాజ్వరమును కుదుర్ప వచ్చునని చూపిన నాటినుండి దీనికి మందులు గలవు. అవి వేళకు పడినప్పుడే పనిచేయును. గడచు ప్రతి గంటయు రోగికి నష్టమే.

వైద్యునితో మాటలాడునపుడు మన స్త్రీలకు బిడియము మెండు. ఎదురుప్రశ్న వేయుట అవినయమని తలపోయుదురు. అయినను పై గుర్తులు చూచినప్పుడు, "అయ్యా, అమ్మా, ఇది సెప్సిస్ కావచ్చునా?" అని యడుగుటకు జంకవలదు. ఆ ప్రశ్న యడుగుటకు ఇంగ్లీషు చదువు రానక్కఱలేదు. గ్రీకు అంతకంటె నక్కఱలేదు. ఈ నాల్గవ మాటను కూడ తక్కిన మూడింటివలె మన యింటి మాట చేసికొని, కోడండ్రకును కూతుండ్రకును చెప్పి యుంచిన జాలును.